నీళ్ళ మాట ఎత్తొద్దు

ఛైర్మన్‌గారి మునిసిపాలిటీ ఎన్నికల ఆఫీసులో దాహమేసినవాడు కూడా నీళ్ళు అనకూడదు. "కాస్త అది ఇలా అందుకో" అనాలి. నోరు జారి ఎవరైనా ఆ మాట అన్నారంటే, ఆ పూట ఆఫీసులో ఉన్నవాళ్ళందరికీ టీలు వాళ్ళే పోయించాలి. బయటినుంచి వచ్చినవాళ్ళు ఇదేదో సరదా అనుకునేవారు. సరదా ఏమీ కాదు. ఆ రూలు పెట్టిన మనిషి జన్మలో సరదాకి ఏ పనీ చేసి ఎరగడు.

ఆ మనిషిని అందరూ అజెండా అంటారు. పెట్టిన పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. ఓట్లు అడిగేది ఛైర్మన్‌గారే అయినా, జనం రేపు టీకొట్టు దగ్గర దేని గురించి జుట్లు పట్టుకోవాలో ఇవాళే తేల్చిపెట్టేది ఇతను. "జవాబు చెప్పేవాడు ఎప్పుడూ ఓడినట్టే. ప్రశ్న మనం వెయ్యాలి. మనకి నచ్చని ప్రశ్న ఎవడైనా వేస్తే దాన్ని కాదనడం కూడా కూడదు. కాదన్నామంటే దాని పేరెత్తినట్టే" అని కార్యకర్తలకి రోజూ పాఠం చెప్పేవాడు. పేరెత్తని మాట వారం రోజుల్లో చచ్చిపోతుందని అతని లెక్క. నిజం చెప్పొద్దూ, చచ్చేది కూడా.

ఈసారి అతను చంపదలచుకున్న మాట నీళ్ళు. దాన్ని ఊరి మీదికి వదిలింది ఎవరో కాదు, సొంత అక్క.

అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మూడు నెలల కిందట ఆమె వీధిలో పంతొమ్మిది మందికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆ చుట్టుపక్కల నాలుగు వీధులకి మంచినీళ్ళు తెచ్చే ఇనప పైపు యాభై ఏళ్ళనాటిది. తోళ్ళ ఫ్యాక్టరీ నుంచి వచ్చే మురుగుకాలవలో, కాలవ పొడుగునా మునిగే ఉంటుంది. అక్క కుట్టుమిషను మూసేసి, కొలతలు రాసుకునే పుస్తకంలో మూడొందల సంతకాలు పోగు చేసింది. ఛైర్మన్‌గారి మొదటి సభకి ఒక సీసా పట్టుకెళ్ళి, వేదిక మెట్ల మీద నిలబడి, "ఇవి మా కుళాయి నీళ్ళు. ఒక్క గుక్క తాగి చూపించండి" అంది. ఛైర్మన్‌గారు నీళ్ళు నమిలారు గాని తాగలేదు. సభ సభంతా నవ్వింది. మర్నాడు బస్సులో, బడి గేటు దగ్గర, మంగలి షాపులో అదే మాట.

ఆ సాయంత్రమే ఛైర్మన్‌గారు అజెండాని పిలిపించారు. అతను ఊరి పటం ముందు వేసుకుని ఒక గంటసేపు చూశాడు. అక్క మాట ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. "నీళ్ళు నాలుగు వీధుల బాధ. ఇంటి పన్ను నలభై వీధుల బాధ. పన్ను పదిహేను శాతం తగ్గిస్తామని రేపు పొద్దున చెప్పండి. ఇంకేమీ చెప్పకండి" అన్నాడు.

చెప్పారు. ఆ మధ్యాహ్నానికే ఎదుటి అభ్యర్థి, ఊరంతా కాంట్రాక్టర్ అని పిలిచే ఆయన, ఇరవై అన్నాడు. ఇటువాళ్ళు ఇరవై అయిదు. అటు ముప్ఫై. ఇటు ముప్ఫై అయిదు. వేలంపాటలో సామాను ఎవరిదో ఎవరికీ అక్కర్లేకపోయింది. టీకొట్లలో మనుషులు సగం తాగిన గ్లాసులు వదిలేసి ఎవడి అంకె గొప్పదో కొట్టుకున్నారు. కాలవలో పైపు మార్చడానికి మునిసిపాలిటీ దగ్గరున్న డబ్బల్లా ఆ ఇంటి పన్నే. అది ఇటువాళ్ళకీ తెలుసు, అటువాళ్ళకీ తెలుసు. పైపు మారుస్తానంటే దేంతో మారుస్తావని అడుగుతారు, అడిగితే పన్ను తగ్గదు. అందుకని నీళ్ళ విషయంలో మాత్రం ఇద్దరు శత్రువులూ ఒకే కడుపున పుట్టినవాళ్ళలా నోరు మూసుకున్నారు.

నిజంగా ఒకే కడుపున పుట్టినవాళ్ళు మాత్రం మూసుకోలేదు.

ఒక ఆదివారం బావ రమ్మంటే అజెండా వాళ్ళింటికి వెళ్ళాడు. బావ బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మనిషి వెన్న. బావమరిది అంటే ప్రాణం. గోడ మీది కేలండర్లో రోజుకో గడిలో ఎర్ర పెన్నుతో ఇటు అంకె, నీలం పెన్నుతో అటు అంకె రాసుకుంటూ, ఆటలో స్కోరు చూసుకున్నట్టు చూసుకుని మురిసిపోతున్నాడు.

"బామ్మర్దీ, ముప్ఫై అయిదు! ఇంకో పది లాగించవోయ్. పైన ఒక గది వేసేస్తాను, నీ పేరు చెప్పుకుని" అన్నాడు.

వాళ్ళమ్మాయి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పోతూ మూడేళ్ళ కూతుర్ని వీళ్ళ దగ్గర వదిలేస్తుంది. ఆ పిల్ల బావ ఒళ్ళో కూర్చుని పెన్ను మూత కొరుకుతోంది. వంటింట్లో పెద్ద గిన్నెలో నీళ్ళు కళపెళ మరుగుతున్నాయి. అక్క ఆ గిన్నె దగ్గర్నుంచి కదల్లేదు. తమ్ముడొచ్చాడని తల కూడా తిప్పలేదు.

"ఇరవై నిమిషాలు మరిగితే గాని చుక్క ముట్టనివ్వదు మీ అక్క. చప్పిడి నీళ్ళు. నేను తాగను, కుళాయి కింద గ్లాసు పెట్టుకుని తాగేస్తాను. నువ్వే చెప్పావుగా, పరీక్ష చేయించాం, ఏం పర్లేదని" అన్నాడు బావ.

అతను చెప్పిన మాట వాస్తవమే. పరీక్ష చేయించిన మాట అబద్ధం.

అప్పుడు వంటింట్లోంచి వచ్చింది అక్క. చేతిలో గరిటె ఉంది.

"ఏరా, ఎంతకి అమ్మావు నన్ను?"

"అక్కా, ఇది ఉద్యోగం..."

"ఉద్యోగమా? నా వెనకాల సంతకాలు పెట్టిన మూడొందల మందిలో ఇవాళ పదిమంది లేరు. మొన్న ఎదురింటావిడ ఏమందో తెలుసా? 'నీ గోలకి పన్ను తగ్గేది కూడా తగ్గకుండా పోతుంది, ఊరుకోవమ్మా' అంది. ఆ వాంతులప్పుడు ఆవిడ పిల్లాడు చచ్చి బతికాడు. ఆవిడ నోట ఆ మాట పలికించింది నువ్వు. ఛైర్మన్ కాదు. వాడికంత తెలివెక్కడిది?"

బావ "పోనీవే, పన్ను తగ్గితే మంచిదే కదా" అని సర్దబోయాడు. అక్క అతని వంక చూసిన చూపుకి బావ కేలండర్ వైపు తిరిగిపోయాడు.

"చిన్నప్పుడు నీ తరఫున వీధిలో అందరితో తగాదా పెట్టుకున్నది నేను. ఇప్పుడు వీధంతా నా మీదికి ఎగదోసింది నువ్వు. నడు. ఎన్నికలయ్యేదాకా కాదు, ఎన్నికలయ్యాక కూడా రావద్దు" అంది అక్క. గరిటె గుమ్మం వైపు చూపించింది.

అతనికి ఒళ్ళు మండింది. ఇంటి పన్నెంతో, పైపు ఖర్చెంతో ఈవిడకేం తెలుసు అనుకుంటూ చెప్పులేసుకున్నాడు. మండడం దాకా నిజమే గాని, ఆ మంట అక్క మీదో, ఆవిడ అన్న ప్రతి ముక్కా నిజమవడం మీదో అతను తేల్చుకోలేదు. తేల్చుకోకుండా ఉండడంలో అతనికి మంచి అనుభవం ఉంది.

పోలింగు నాలుగు రోజులుందనగా, సాయంత్రం ఆరింటికి, నీళ్ళ సరఫరా ఇంజనీరు ఆఫీసుకి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద, జేబులో రెండు పెన్నులు, చేతిలో మడిచిన కాగితం. అజెండా టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. కాంట్రాక్టర్ ఇంకో పది నిమిషాల్లో తన ఆఖరి అంకె చెబుతాడని ఊరంతా ఎదురుచూస్తోంది.

"సార్, నీళ్ళ విషయం..." అన్నాడు ఇంజనీరు.

ఆఫీసు ఆఫీసంతా గొల్లుమంది. "టీ! టీ! ఇంజనీరుగారి టీ!" అంటూ బల్లలు చరిచారు. ఒకడు అప్పుడే టీకొట్టు వైపు పరిగెత్తాడు. ఆ పెద్దాయనకి ఏమీ అర్థం కాలేదు. మొహం కందగడ్డలా అయింది. ఎవరో రూలు విడమరిచి చెబితే విని, "ఇరవై కాదు, యాభై టీలు తెప్పించుకోండి, నేనిస్తాను. ముందు నా మాట వినండి" అన్నాడు.

అజెండా కుర్చీ ఒకటి అతని వైపు తోశాడు. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

"కాలవలో పైపు పగిలింది సార్. ఫ్యాక్టరీలో తోళ్ళకి వాడే మందు నీళ్ళు లోపలికి పోతున్నాయి, పరీక్ష కాగితం ఇదిగో. రంగుండదు, వాసనుండదు. ఆ వార్డు వరకు కట్టేద్దామంటే వాల్వు తుప్పుపట్టి చేతికి ఊడొచ్చింది. మొత్తం ఊరికి ఆపాలంటే పైవాళ్ళ సంతకం కావాలి, రేపు మధ్యాహ్నం దాకా అది రాదు. పొద్దున ఆరింటికి కుళాయిలొస్తాయి. తాగొద్దని చెప్పాలి. మా మైకు వ్యాను మీకే అద్దెకిచ్చారు. ఊళ్ళో మైకున్న ప్రతి బండీ మీ దగ్గరో వాళ్ళ దగ్గరో ఉంది. ఒక్క గంట చాలు, నాలుగు వీధులు."

టీవీలో కాంట్రాక్టర్ గొంతు సవరించుకున్నాడు. అజెండా చెయ్యెత్తి "ఒక్క నిమిషం" అన్నాడు. ఇంజనీరు ఆగలేదు. ఇంకా ఏదో చెబుతున్నాడు, మరగ అనో మరిగి అనో ఏదో అంటున్నాడు. "సగం! సగానికి సగం!" అని టీవీలో అరుపు, ఆ వెనకాల చప్పట్లు. ఆఫీసులో కార్యకర్తల మొహాలు పాలిపోయాయి.

"అవతలివాళ్ళని అడిగారా?" అన్నాడు అజెండా.

"ముందు అక్కడికే వెళ్ళాను సార్. పొద్దున చూద్దామన్నారు."

"అయితే మనమూ పొద్దునే చూద్దాం."

"పొద్దున ఆరింటికి సార్..."

"విన్నాను."

ఇక్కడ అతన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం లేదు. అజెండాకి అక్క గుర్తురాక కాదు. గుర్తొచ్చింది. ఆవిడ ఎలాగూ మరగబెట్టే తాగుతుంది, పిల్లకీ అవే పడుతుంది అనుకున్నాడు. బావకి ఫోను చేద్దామని తీశాడు. పేరు నొక్కబోయి ఆగాడు. బావ నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో వీధంతా తెలుస్తుంది, గంటలో టీవీకెక్కుతుంది, తెల్లారేసరికి ఊరంతా మళ్ళీ నీళ్ళ మాటే. అవతలివాడు సగమన్న రోజే ఇది బయటపడితే రెండు నెలల పని మట్టిలో కలిసిపోతుంది. బావ గట్టి మనిషి, ఒక గ్లాసు తాగితే ఏం కాదులే అనుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, సగానికి ఏం విరుగుడు చెప్పాలో రాయడానికి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి ఛైర్మన్‌గారి గదిలో మీటింగు. ఛైర్మన్‌గారు అరవై శాతం అందామంటారు. అరవై తగ్గిస్తే వీధిదీపాలు కూడా ఆర్పుకోవాలని అజెండా అంటాడు. "ఆర్పేది గెలిచాక కదా" అని ఛైర్మన్‌గారు నవ్వుతున్నంతలో ఫోను మోగింది. ఇంజనీరు.

"మొదలైంది సార్. ఆరిళ్ళలో వాంతులు. పొద్దున చూద్దామన్నారు, బండ్లేవీ?"

"మరగబెట్టుకుని తాగమని మీ వాళ్ళనే పంపి చెప్పించలేకపోయారా?" అన్నాడు అజెండా, గొంతు తగ్గించి.

ఇంజనీరు పళ్ళు కొరుకుతూ ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "ఇది క్రిములు కాదు సార్, మందు. మరగబెడితే పోదు. ఇంకా చిక్కబడుతుంది. మరగబెట్టి కూడా వద్దని నిన్న మీ మొహం మీద రెండుసార్లు చెప్పాను. మీరు టీవీ చూస్తున్నారు. మా వాళ్ళు ముగ్గురే ఉన్నారు, ఇళ్ళు తొమ్మిదొందలు. రెండు వీధులే తిరగ్గలిగారు. వాళ్ళని చూసి జనం, పార్టీలవాళ్ళు పంపిన మనుషులని తలుపులేసుకుంటున్నారు."

అక్క ఇరవై నిమిషాలు మరిగించిన గిన్నె అజెండా కళ్ళముందు కదిలింది. లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అన్నారు ఛైర్మన్‌గారు.

"ఆ వీధికి. తాగొద్దని చెప్పాలి."

"ఏమని? మైకులోనా? మన బండిలోంచా? నీకేమైనా మతిపోయిందా? నువ్వు పెట్టిందేగా రూలు. కాదనడం కూడా కూడదన్నావు."

"మా అక్క అక్కడుంది సార్."

"అక్కకి ఫోను చెయ్యి. ఊరంతటికీ ఎందుకు?"

అతను ఫోను చేశాడు. అక్క తీయలేదు. తమ్ముడి నంబరు చూస్తే ఆవిడ తీయడం మానేసి నెల దాటింది. బావది మోగి మోగి ఆగిపోయింది.

"ఆ గుమ్మం దాటి ఆ మాట ఎత్తావంటే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కక్కర్లేదు" అన్నారు ఛైర్మన్‌గారు. అజెండా అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

కింద మైకు వ్యాను సిద్ధంగా ఉంది. దాని నాలుగు వైపులా పన్ను తగ్గింపు బొమ్మలు. డ్రైవరే అనౌన్సరు కూడా. దారిలో అజెండా అతనికి చీటీ రాసిచ్చి చదవమన్నాడు. డ్రైవరు ఆ చీటీ చూసి, నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కిచ్చేశాడు.

"ఈ మాట నా నోట రాదు సార్. ఈ మాట వచ్చిన రోజు ఉద్యోగం ఊడుతుందని మీరే చెప్పారు. నాకు ఇద్దరు పిల్లలు."

"ఇప్పుడు నేనే చెబుతున్నాను చదవమని."

"నిన్న మీరే వద్దన్నారు. రేపు మళ్ళీ ఏమంటారో. నాకెందుకొచ్చిన గొడవ సార్."

తాను నేర్పిన పాఠం ఇంత బాగా వంటబట్టిన శిష్యుణ్ణి చూసి అతనికి ఏడవాలో కొట్టాలో తెలియలేదు. అక్క వీధి మొదట్లో వ్యాను ఆపించి, మైకు తనే తీసుకున్నాడు.

"అందరికీ విన్నపం. కుళాయి నీళ్ళు తాగకండి. పొద్దున పట్టిన నీళ్ళు పారబోయండి. ఫ్యాక్టరీ మందు కలిసింది. మరగబెట్టి కూడా తాగకండి."

కిటికీలు తెరుచుకున్నాయి. మనుషులు అరుగుల మీదికి వచ్చారు. రెండు నెలలుగా ఈ వ్యాను వస్తే అంకె వినిపిస్తుంది. ఇవాళ అంకె వినపడకపోయేసరికి జనానికి ఏదో వెలితిగా తోచింది.

"ఎంత శాతం?" అని అరిచాడు ఒకాయన మేడ మీంచి.

"శాతం కాదండీ, నీళ్ళు..."

"అవతలివాళ్ళు సగమన్నారు. మీరెంతో చెప్పండి ముందు!"

"నీళ్ళలో మందు కలిసిందండీ, తాగితే ప్రాణం మీదికొస్తుంది!"

ఎదురింటావిడ, అక్క చెప్పినావిడే, నడుం మీద చేతులు పెట్టుకుని వ్యానుకి ఎదురొచ్చింది. "ఇన్నాళ్ళూ నీళ్ళు బంగారంలా ఉన్నాయన్నది మీరే. నిన్న వాళ్ళు సగమనేసరికి ఇవాళ నీళ్ళలో మందు కలిసిందా? మమ్మల్ని బెదిరించి ఓట్లేయించుకుందామనే? సిగ్గులేదూ!"

"పైపు పేరు చెప్పి పన్ను తగ్గించకుండా ఎగ్గొట్టే ఎత్తు!" అన్నారు ఇంకెవరో. ఆ మాట జనానికి భలేగా నచ్చింది. నలుగురు అందుకున్నారు. వ్యాను రేకు మీద ఎవరో చేత్తో బాదారు. ఏదో కాగితం ఉండ వచ్చి అద్దానికి తగిలింది. డ్రైవరు కిటికీ ఎక్కించేసుకున్నాడు.

ఇరవై ఏళ్ళుగా అజెండా మనుషులకి నేర్పింది ఒకటే, ఏ మాట విన్నా దాని వెనక ఎవడి లాభం ఉందో చూసుకోమని. ఇవాళ వాళ్ళు చూసుకుంటున్నారు. నిజం వెనకాల ఎవడి లాభమూ కనపడకపోతే అది వాళ్ళకి నమ్మబుద్ధి కావడం లేదు.

అప్పుడు బావ వచ్చాడు. మొహమంతా నవ్వు.

"ఏం బుర్రోయ్ బామ్మర్దీ నీది! సగానికి విరుగుడు ఇదా? నేను మీ అక్కతో అంటూనే ఉన్నాను, మనవాడు ఊరుకోడు, ఏదో ఒకటి తీస్తాడని!"

"బావా, ఇది ఎత్తు కాదు. నిజం. పొద్దున తాగావా?"

"తాగకేం, రెండు గ్లాసులు. కాస్త కడుపులో తిప్పింది గాని..." అంటూ బావ ఇంకా నవ్వుతూనే, అతని కళ్ళలోకి చూసి, నవ్వు ఏం చేసుకోవాలో తెలియక ఆగిపోయాడు.

గుమ్మంలోకి అక్క వచ్చింది. భుజం మీద పిల్ల. పిల్ల తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. అక్క చీర భుజం దగ్గర తడిగా ఉంది. జనం తోవ ఇచ్చారు. ఆవిడ తిన్నగా వ్యాను దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ ఆదివారం తరవాత మళ్ళీ ఇప్పుడే తమ్ముడితో మాట్లాడింది.

"నిజమేనా?"

"నిజం అక్కా."

"మరగబెట్టినా?"

"మరగబెట్టినా."

"ఎనిమిదింటినుంచి మూడుసార్లు కక్కింది. కక్కినప్పుడల్లా నీళ్ళు పట్టాను. మరగబెట్టినవే కదా అని నేనే పట్టాను" అంది అక్క. ఆ మాట ఆవిడ తమ్ముడికి చెబుతున్నట్టు లేదు. తరవాత తలెత్తి అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

మైకు అతని చేతిలో ఉంది, మీట పైకే ఉంది. పక్కకి తిప్పి మీట కిందికి నొక్కి, ఇందాకే తెలిసిందక్కా అనొచ్చు. అది సగం నిజం కూడాను. మరగబెట్టకూడదన్న సంగతి అతను విన్నది ఇందాకే. అలాంటి సగం నిజాలతోనే అతను ఇల్లు కట్టుకున్నాడు. ఎదురుగా వీధిలో డెబ్బై మంది నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా ఇంట్లోకి వెళ్ళి బిందె ఒంపలేదు.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఆరింటికి తెలిసింది. ఇంజనీరుగారు వచ్చి చెప్పారు, మైకు బండి అడిగారు. నేనివ్వలేదు. మీరంతా మళ్ళీ నీళ్ళ గురించి మాట్లాడతారని ఇవ్వలేదు. నీళ్ళు పరీక్ష చేయించామని ముందు చెప్పింది కూడా అబద్ధమే."

వీధి చివరిదాకా వినపడింది. అందరికంటే ముందు ఎదురింటావిడ వెనక్కి తిరిగి ఇంట్లోకి పరిగెత్తింది. తరవాత ఒక్కొక్కరే. బిందెలు వాకిట్లోకి ఈడ్చుకొచ్చి బోర్లించిన చప్పుడు వరసగా వినపడింది. మేడ మీద ఆయన తొట్టె తూము తీసేశాడు. ఇంతసేపు గొంతు చించుకున్నా నమ్మని జనం, అతనో నీచుడని తెలిశాక నమ్మారు.

బావ ఒక్కడే అక్కడే నిలబడి ఉన్నాడు. "నా నంబరు ఉంది కదరా నీ దగ్గర" అన్నాడు. అంతే అన్నాడు. ఎప్పుడూ బామ్మర్దీ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. తరవాత పొట్ట పట్టుకుని గోడవారగా కూర్చుండిపోయాడు. అజెండా లేపబోతే చెయ్యి విదిలించి కొట్టాడు.

అక్క వ్యాను తలుపు తీసి, పిల్లతో ముందు సీట్లో ఎక్కింది. "ఆయన్ని వెనకాల ఎక్కించు" అంది డ్రైవరుతో. "ఆసుపత్రికి పోనీ. ఎవరింట్లో ఇంకా బాగాలేకపోతే వాళ్ళనీ ఎక్కించుకో." డ్రైవరు మారు మాట్లాడకుండా చెప్పినట్టే చేశాడు.

అజెండా కూడా ఎక్కబోయాడు.

"నువ్వెక్కడికి?" అంది అక్క.

"అక్కా, పిల్ల..."

"పిల్లకి తల్లి ఉంది ఆసుపత్రిలో. నేనున్నాను. నువ్వెందుకు? ఇంకో వీధి ఉంది అటువైపు, అక్కడికి ఎవరూ వెళ్ళలేదు. నడుచుకుంటూ పోయి ఇంటింటికీ చెప్పు. ఉత్త నీళ్ళు బాగాలేవని చెబితే నమ్మరు. నిన్నటినుంచీ తెలుసని కూడా చెప్పు."

వ్యాను కదిలింది. ఆ అదురుకి మీట తగిలిందేమో, మైకులోంచి పాత రికార్డు ఒక ముక్క పలికింది, ముప్ఫై అయిదు శాతం అని. డ్రైవరు దాని నోరు నొక్కేశాడు.

వీధిలో మిగిలినవాళ్ళు అతని వైపు నడిచి వస్తున్నారు, నడకలో తొందర లేదు. ముందున్న మనిషి అతని చొక్కా పట్టుకుని ఒక్కటి పీకాడు. పెదవి చిట్లింది. ఇంకొకడు చెయ్యెత్తాడు. "కొట్టండి, తరవాత కొట్టండి. అటు వీధిలో ఇంకా చెప్పలేదు" అన్నాడు అతను. అది ఎత్తో కాదో వాళ్ళకి తేలలేదు. అయినా చొక్కా వదిలేశారు.

పక్క వీధిలో మొదటి తలుపు కొట్టాడు. లోపల ఎవరో పిల్లల్ని టిఫినుకి రమ్మని కేకలేస్తున్నారు. తలుపు తీసినావిడ అతని పెదవి చూసి, చొక్కా మీది పార్టీ బాడ్జీ చూసి, "ఎంత తగ్గిస్తున్నారేంటి ఇవాళ?" అంది.

అతను బాడ్జీ పీకి జేబులో వేసుకున్నాడు. నీళ్ళ మాట తరవాత ఎత్తాడు. నిన్న సాయంత్రం ఆరింటి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.